పట్టువిడుపు

నిన్న సాయంత్రం రాణి పోయింది.
పొద్దున ఏడింటికే హెడ్ క్లర్కు బడ్ ఫోను:
"గార్‌బెట్, నిచ్చెన తీసుకుని రా.
పదిహేడు గుమ్మాలు. పేరుకో అక్షరం."

లండన్‌లో, నది ఒడ్డున, లాయర్ల పాత వాడలో
గుమ్మం లోపలి పలకల మీద పేర్లు రాసేవాణ్ణి నేను.
మీగడరంగు మీద నలుపు.
పైన పాతకాపులు, అడుగున నిన్నా మొన్నా వచ్చినవాళ్ళు.
ఎవరైనా పోతే, లేదా జడ్జి అయితే,
కింది పేర్లన్నీ ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి.
ఆ జరపడమే మా నాన్న తిండి. నా తిండీ అదే.

పేరుకి తోక ఉన్నవాళ్ళది పట్టు గౌను.
లేనివాళ్ళది ముతక.
పట్టు రానివాడు ఇక్కడ
పళ్ళూడినా జూనియరే,
మనవడు నల్లకోటు తొడిగినా జూనియరే.
పట్టు కోసం పట్టుబట్టి
పట్టు తప్పినవాళ్ళ పేర్లు కూడా
ఈ చేత్తోనే చెరిపాను.

రాణి ఉన్నన్నాళ్ళూ వాళ్ళు క్యూ.సీ.లు.
రాజు రాగానే కే.సీ.లు.
ఎవరూ వాదించలేదు, ఎవరూ అప్పీలుకి పోలేదు.
నిద్ర లేచేసరికి అందరి బిరుదూ మారిపోయింది.

టర్పెంటైన్ గుడ్డ పెడితే
క్యూకి ముందు తోక ఊడుతుంది,
తర్వాత నిదానంగా గుండ్రం.
కే కష్టం. నిలువు గీత తిన్నగా రావాలి,
కాళ్ళు రెండూ ఒకేచోట పుట్టాలి.

మూడో గుమ్మం దగ్గర మోర్వెన్నా టాలివర్
గొడుగు లేకుండా వానలో నిలబడి ఉంది.
నాలుగుసార్లు అడిగి, నాలుగుసార్లు లేదనిపించుకుని
మొన్న మార్చిలో తెచ్చుకుంది ఆ అక్షరాన్ని.
"దాని వయసు ఆర్నెల్లు, మిస్టర్ గార్‌బెట్.
దానికోసం నేను క్యూలో నిలబడింది పదకొండేళ్ళు."
నవ్విందో లేదో వానలో తెలియలేదు.
పొడుగు విగ్గు, పట్టు మేజోళ్ళు, బకిల్ బూట్లతో దిగిన ఫొటో
వాళ్ళమ్మ మంచం పక్కన ఉండేదట.
ఆవిడ మేలో పోయింది.
ఫొటో వెనక వణికే పెన్నుతో ఆవిడే రాసుకుందట:
మా అమ్మాయి, క్యూ.సీ.
"దాన్ని మార్చక్కర్లేదు కదా?"
అక్కర్లేదన్నాను.
నా పని గుమ్మాల వరకే.

తొమ్మిదో గుమ్మంలో హ్యూబర్ట్ పెన్‌రైస్.
నలభై నాలుగేళ్ళ ప్రాక్టీసు, తోక లేని పేరు.
ఒక్కసారీ అడగలేదంటాడు.
అడగలేదా, అడిగి చెప్పలేదా
అంటే బడ్ కిటికీలోంచి నదిని చూస్తాడు.
పెన్‌రైస్ భుజాన ఎర్ర సంచి.
ఏదో పెద్ద కేసులో బాగా మోశావని
ఎప్పుడో ఒక పట్టుగౌనాయన ఇచ్చినది.
అడుగు చిరిగింది, కుట్టించాడు, మళ్ళీ చిరిగింది.
ఇచ్చినాయన పేరు చెరిపి పన్నెండేళ్ళు.
"నాది చూడు, గార్‌బెట్, ఏ రాజొచ్చినా
నీకు పని పెట్టదు" అన్నాడు, టీ అందిస్తూ.
గర్వమో మరొకటో.
టీలో చక్కెర మాత్రం మరిచిపోయాడు.

పదకొండో గుమ్మంలో పాత పలక.
క్యూ గీకుతుంటే రంగు పొరలు పొరలుగా లేచి
అన్నిటికన్నా అడుగున, బొగ్గుగీతలా, ఒక కే.
డెబ్బై ఏళ్ళ కింద, రాజు పోయి రాణి వచ్చిన వారం
మా నాన్న చెరిపిన కే.
నేనప్పటికి పుట్టలేదు.
ఎవరి పేరుదో తెలియదు, పేరు మిగల్లేదు.
కుడికాలు కొంచెం వంకర. అంతకుముందు రాసిందీ ఆయనే మరి.
ఆ వంకర మీదే, దాన్ని అనుసరించే,
నా బ్రష్షు నడిపాను. బడ్ చూడలేదు.

చీకటి పడ్డాక నిచ్చెన వ్యానెక్కించాను.
వ్యాను తలుపు మీద బంగారు రంగులో
'గార్‌బెట్ అండ్ సన్'.
నాన్న పోయి ముప్పై ఏళ్ళు.
నాకు అరవై ఆరు.
ఇంకా సన్‌నే.